ఓడ భయపడితే చాలు: జలసంధుల రాజకీయం

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయ సభలో 2025 సెప్టెంబరులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

వర్తమాన ప్రపంచ రాజకీయాలను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. అధినేతల ప్రకటనలను, శిఖరాగ్ర సమావేశాలను తేదీల వారీగా చెప్పుకుంటూ పోతే రాత్రి అవుతుంది తప్ప మీరు ఇంటికి పట్టుకెళ్లేది ఏమీ ఉండదు. అందుకని ఒక్క పోగు మాత్రమే పట్టుకుని లాగుతాను. ఓడలు తప్పనిసరిగా వెళ్లవలసిన ఇరుకైన సముద్ర దారులు కొన్ని ఉన్నాయి. ఆ దారిలో అడుగు పెట్టబోయే ఓడ యజమానికి ఒక భయం ఉంటుంది. ఆ భయాన్ని పెంచగలిగేది ఎవరు, తగ్గించగలిగేది ఎవరు, దానికి వెల కట్టేది ఎవరు అని చూస్తే, ఈ మూడు నాలుగేళ్ల అంతర్జాతీయ వ్యవహారాల్లో చాలా భాగం విడమరిచినట్టు కనిపిస్తుందని నా అభిప్రాయం.

మన వంటింటి నుంచే మొదలుపెడతాను. 2022 మార్చి నెల మీకు గుర్తుండే ఉంటుంది. సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ ధర వారానికొకటిగా ఉండేది, మా వీధి చివరి కిరాణా కొట్టులో మనిషికి రెండు ప్యాకెట్లకు మించి ఇవ్వనన్నారు. మన దేశం దిగుమతి చేసుకునే సన్‌ఫ్లవర్ నూనెలో మూడింట రెండు వంతులు అప్పటిదాకా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. నల్లసముద్రం ఒడ్డున ఉక్రెయిన్ రేవు ఒడెస్సాలో ధాన్యమూ నూనే నిల్వ ఉన్నాయి, కొనేవారూ ఉన్నారు. నల్లసముద్రం నుంచి బయటి ప్రపంచానికి ఉన్న సముద్ర ద్వారం బోస్ఫరస్ జలసంధి ఒక్కటే, అది అత్యంత ఇరుకైన చోట 700 మీటర్లు. ఆ ద్వారానికి కాపలాదారు టర్కీ. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం యుద్ధ సమయంలో యుద్ధనౌకలను ఆపే హక్కు దానికి ఉంది, ఆ హక్కును అది ఫిబ్రవరి చివర్లోనే వాడుకుంది. అదే ఒప్పందం వాణిజ్య నౌకలకు మాత్రం స్వేచ్ఛ ఇస్తుంది. అంటే కాగితం మీద నూనె ఓడకు దారి తెరిచే ఉంది. అయినా ఓడ రాలేదు. సముద్రంలో మందుపాతరలు తేలుతున్నాయి, రష్యా నౌకాదళం కాపు కాసింది, ఆ నీళ్లలోకి వెళ్లే ఓడకు బీమా చేయడానికి కంపెనీలు ముందుకు రాలేదు.

ఆ తరువాత ఏం జరిగిందో చూడండి. 2022 జూలైలో ఐక్యరాజ్య సమితి, టర్కీ మధ్యవర్తిత్వంతో ధాన్యం ఒప్పందం కుదిరింది. అది నడిచిన ఏడాదిలో సుమారు 3.3 కోట్ల టన్నుల ఆహార సరుకు బయటకు వచ్చింది. 2023 జూలైలో రష్యా దాని నుంచి తప్పుకుంది. ఇక అంతా అయిపోయినట్టేనని చాలామంది రాశారు, నేనూ అలాగే అనుకున్నాను. కాని ఉక్రెయిన్ రుమేనియా, బల్గేరియా తీరాల వెంట కొత్త దారి తీసింది. క్షిపణులతో, డ్రోన్లతో రష్యా నౌకాదళాన్ని క్రిమియా నుంచి తూర్పుకు నెట్టింది. దానితో పాటు 2023 నవంబరులో లండన్ బీమా సంస్థలతో, బ్యాంకులతో కలిసి ఆ దారిలో తిరిగే ఓడలకు తక్కువ ప్రీమియంతో బీమా ఏర్పాటు చేసుకుంది. ఓడలు తిరిగి వచ్చాయి. క్షిపణి ఎంత పని చేసిందో ఆ బీమా కాగితమూ అంత పని చేసింది.

ఇది కొత్త విద్యేమీ కాదని చెప్పడానికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో గొప్ప రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. దేశదేశాలు తిరిగే ఓడ వర్తకులను ఉద్దేశించి వేయించిన శాసనం అది. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు లాక్కునేవారనీ, ప్రాణం కన్న ధనమే ఎక్కువ అనుకుని సముద్రానికి తెగించిన వారిమీద దయతో తాను నిర్ణీత శుల్కం తప్ప మరేమీ తీసుకోననీ రాజు అందులో అంటాడు. ఆ శుల్కం ముప్పయ్యో వంతు. దయ అనీ, కీర్తి అనీ, ధర్మమనీ శాసన భాష చెబుతుంది, కాదనను. కాని వర్తకుడి గుండెల్లో భయం తగ్గితే రేవుకు ఓడలు వస్తాయని, ఓడలు వస్తే ముప్పయ్యో వంతు ఊరికే వస్తుందని ఆ రాజుకు తెలియదనుకోలేను. సైన్యమున్న ప్రతివాడూ కొల్లగొట్టగలడు. పరాయి దేశపు వర్తకుడు నమ్మేలా మాట ఇవ్వగలిగినవాడు అరుదు, ఈనాటికీ అంతే.

ఇప్పుడు ఆ భయానికి వెల కట్టే పద్ధతి కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక పెద్ద వాణిజ్య నౌకకు ఒకటి కాదు, కనీసం మూడు నాలుగు బీమాలు ఉంటాయి. ఓడ ఒంటికి, యంత్రాలకు ఒకటి. ఓడ వల్ల ఇతరులకు కలిగే నష్టానికి, అంటే చమురు ఒలికినా, సిబ్బందికి ఏదైనా జరిగినా, ఇంకో ఓడను గుద్దినా చెల్లించడానికి ఒకటి. సరుకుకు వేరుగా మరొకటి. వీటిలో సాధారణంగా యుద్ధ నష్టం కలవదు, దానికి వార్ రిస్క్ బీమా విడిగా తీసుకోవాలి. లండన్‌లో బీమా వ్యాపారుల సంయుక్త సంఘం ఒకటి ప్రపంచ సముద్రాల్లో ప్రమాదకరమైన ప్రాంతాల జాబితా ప్రకటిస్తుంది. ఆ జాబితాలోని నీళ్లలోకి వెళ్లదలచుకున్న ఓడ ముందుగా బీమాదారుకు చెప్పి, సాధారణంగా ఒక వారం ప్రయాణానికి అదనపు ప్రీమియం కట్టాలి. ఆ రేటు ఓడ విలువలో ఇంత శాతం అని ఉంటుంది, రోజు రోజుకూ మారుతుంది. ఏ సైన్యమూ లేని, ఏ ఐక్యరాజ్య సమితి తీర్మానమూ అక్కరలేని ఆ జాబితాలో ఒక్క పేరు చేరితే ఆ తీరానికి వెళ్లే సరుకు ఖరీదు మారిపోతుంది.

ఎర్రసముద్రం సంగతికి వస్తాను. దాని దక్షిణ ద్వారం పేరు బాబ్ అల్ మందెబ్, అరబ్బీలో కన్నీటి ద్వారం అని అర్థం, వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. ఉత్తర ద్వారం సూయజ్ కాలువ. 2023 నవంబరు 19న యెమెన్‌కు చెందిన తిరుగుబాటుదారులు హూతీలు హెలికాప్టర్‌లో వచ్చి గెలాక్సీ లీడర్ అనే నౌక మీద దిగి దాన్ని తమ తీరానికి తోలుకుపోయారు. గాజా మీద యుద్ధం ఆపేదాకా ఇజ్రాయెల్‌తో సంబంధమున్న ఓడలను వదలబోమన్నారు. ఆ తరువాత వారి గురి సంబంధం ఉన్నవారి మీద, లేనివారి మీద కూడా పడింది. అమెరికా, బ్రిటన్ యుద్ధనౌకలు వచ్చాయి. క్షిపణులను ఆకాశంలోనే కూల్చాయి, యెమెన్ మీద బాంబులు వేశాయి. ఒక డ్రోన్‌ను కూల్చడానికి పేల్చిన క్షిపణి ఖరీదు ఆ డ్రోన్ ఖరీదుకు ఎన్నో రెట్లు.

అంత నౌకాబలం కాపలా ఉన్నా కంటైనర్ కంపెనీలు వెనక్కి రాలేదు. ఎందుకంటే హూతీలు గెలవవలసింది నౌకా యుద్ధం కాదు. దాడుల్లో మునిగిన ఓడలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా ఓడ విలువలో 0.1 శాతం కూడా లేని వార్ రిస్క్ ప్రీమియం 2024 తొలి నెలల్లో ఒక శాతం దాకా వెళ్లింది. పది కోట్ల డాలర్ల ఓడకు ఒక శాతమంటే పది లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో మన రూపాయల్లో 8 కోట్ల పైమాట. అది ఒక్కసారి ఆ దారిన వెళ్లినందుకు. అంతకన్న ఆఫ్రికా చుట్టూ గుడ్ హోప్ అగ్రం మీదుగా పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ ప్రయాణించి, ఆ ఇంధనం ఖర్చు భరించడమే మేలని కంపెనీలు లెక్క వేసుకున్నాయి. అలా లెక్క వేసుకున్న క్షణానే హూతీల పని సగం అయిపోయింది.

ఆ దెబ్బ ఎవరికి తగిలిందో చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ఈజిప్టుకు సూయజ్ కాలువ మీద 2023లో వచ్చిన ఆదాయం వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. 2024లో అది 400 కోట్ల దగ్గరికి పడిపోయింది. ఈజిప్టు హూతీల మీద ఒక్క తూటా పేల్చలేదు, గాజా మీద యుద్ధం చేయలేదు. 1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ ఆ కాలువను జాతీయం చేసినప్పుడు బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ సైన్యాలు వచ్చి పడినా ఈజిప్టు దాన్ని వదులుకోలేదు. ఆ ఆదాయానికే ఇప్పుడు ఒడ్డున ఉన్న ఒక తిరుగుబాటు దళం గండి కొట్టింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు, రావాలి కూడా. గాజాలో పిల్లలు చనిపోతుంటే ఈయన ప్రీమియం లెక్కలు చెబుతున్నాడేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. ఎవరిది న్యాయం అన్న ప్రశ్నకు ఈ లెక్కలు సమాధానం చెప్పవు. బలహీనుడు అనుకున్నవాడి మాటను ప్రపంచం ఎప్పుడు వింటుంది, ఎందుకు వింటుంది అన్నంత వరకే చెబుతాయి.

ఇదే సందర్భంలో మన ఊరి పేరు ఉన్న ఒక సంఘటన చెప్పాలి. 2024 జనవరి 26న, మనం గణతంత్ర దినోత్సవం జరుపుకున్న రోజున, ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు హూతీల క్షిపణి తగిలి మంటలు లేచాయి. సహాయం కోరుతూ వచ్చిన పిలుపు విని ముందుగా స్పందించిన వాటిలో మన నౌకాదళపు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ఒకటి. దాని నుంచి పదిమంది అగ్నిమాపక బృందం ట్యాంకర్ ఎక్కి, సిబ్బందితో కలిసి గంటల తరబడి పోరాడి మంటలు ఆర్పింది. ఇప్పుడు ఆ ట్యాంకర్ జాతకం చూడండి. కట్టిన జెండా మార్షల్ దీవులది. నడిపే కంపెనీకి సంబంధం బ్రిటన్‌తో. లోపల ఉన్న సరుకు రష్యాలో పుట్టిన నాఫ్తా, అంటే ముడిచమురు నుంచి తీసే ఒక ద్రవం. సిబ్బందిలో 22 మంది భారతీయులు, ఒకరు బంగ్లాదేశీయుడు. ఇది ఏ దేశపు ఓడ? దీని మీద దాడి జరిగితే ఎవరి మీద దాడి? పాఠ్యపుస్తకాల్లో దేశాలు చదరంగం పావుల్లా గళ్లలో నిలబడి ఉంటాయి. సముద్రం మీద ఒక్క ఓడలోనే నాలుగైదు దేశాలు ఉంటాయి. ఈ సభలో ఉన్న విద్యార్థులు ఇది ఒక్కటి గుర్తు పెట్టుకున్నా నాకు చాలు.

ఆ నాఫ్తా రష్యాదని అన్నాను కదా. రష్యా చమురు పశ్చిమ దేశాల కంపెనీ ఓడలో ఎలా ఉందన్నది మరో కథ. 2022 డిసెంబరులో అమెరికా, బ్రిటన్ వంటి సంపన్న దేశాల కూటమి అయిన జి7 దేశాలు రష్యా ముడిచమురుకు బ్యారెల్‌కు 60 డాలర్ల ధర పరిమితి పెట్టాయి. రష్యా మీద వారికి అధికారం లేదు, కొనే ఇండియా మీదా, చైనా మీదా లేదు. మరి ఆ పరిమితిని ఎలా అమలు చేస్తారు? ఓడ వల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉంటుందని ఇందాక చెప్పాను. టన్నుల లెక్కన ప్రపంచ నౌకల్లో సుమారు 90 శాతానికి ఆ బీమా ఇచ్చేది ఓడ యజమానులే కలిసి నడుపుకునే 12 పరస్పర సంఘాలు, వాటిలో ఎక్కువ భాగం పశ్చిమ ఐరోపా పరిధిలోనివి. 60 డాలర్లకు మించి కొన్న చమురు మోస్తే ఆ బీమా ఉండదని జి7 దేశాలు శాసించాయి. బీమా పత్రం లేని ట్యాంకర్‌ను రేవులు రానీయవు. అంటే ఒక్క యుద్ధనౌకను కదపకుండా కాగితంతో దిగ్బంధం చేశారు. సమాధానంగా రష్యా పాత ట్యాంకర్లు కొని, జెండాలు మార్చి, వేరే బీమాతో ఒక షాడో ఫ్లీట్‌ను తయారు చేసుకుంది. మన నౌకాయాన డైరెక్టరేట్ కూడా కొన్ని రష్యా బీమా కంపెనీల పత్రాలకు ఆమోదం ఇచ్చింది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో 2 శాతం కూడా లేని రష్యా వాటా మూడో వంతు దాటడం వెనుక ఈ ఆమోదం పాత్ర ఎంతో ఉన్నా, పత్రికల్లో దానికి పెద్దగా చోటు దొరకలేదు.

ఈ నెల మొదటి వారం నుంచి ఐరోపా సమాఖ్య, బ్రిటన్ ఆ పరిమితిని 47.6 డాలర్లకు తగ్గించాయి. అమెరికా వాటితో కలవలేదు, దాని దారి వేరు. రష్యా చమురు కొంటున్నందుకని ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద మరో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 శాతం చేసింది. రష్యా చమురును మనకన్న తక్కువేమీ కొనని చైనాకు ఈ శిక్ష పడలేదు. ఎందుకు పడలేదో ఊహించడం కష్టం కాదు, అరుదైన ఖనిజాల విషయంలో అమెరికా గొంతు చైనా చేతిలో ఉంది. భీమవరంలోనో నెల్లూరులోనో చెరువు గట్టు మీద నిలబడ్డ రొయ్యల రైతుకు మాత్రం బాల్టిక్ సముద్రంలో రష్యా చమురు మోసే ట్యాంకర్‌కీ, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి తనకు వచ్చే కౌంటు ధరకీ ఉన్న సంబంధం వ్యాపారి ఫోన్ చేసినప్పుడే తెలిసింది. అమెరికాకు మన దేశం పంపే రొయ్యల్లో ఆంధ్రప్రదేశ్‌దే పెద్ద వాటా.

ఇక హోర్ముజ్. ఇరాన్‌కూ ఒమాన్‌కూ మధ్య అత్యంత ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లు. అందులోనూ ఓడలు నడిచే బాట ఒక్కొక్క దిశకు సుమారు 3 కిలోమీటర్లే. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు ఆ బాటన వెళ్లింది, అది ప్రపంచ వాడకంలో ఐదో వంతు. ఖతార్ ద్రవ సహజవాయువుకు వేరే దారే లేదు. మొన్న జూన్ 13న ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం మొదలైనప్పుడు, 22న అమెరికా ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేసినప్పుడు, హోర్ముజ్ మూసివేతకు ఇరాన్ పార్లమెంటు ఆమోదం తెలిపిందన్న వార్త మీరు చదివారు. మూయలేదు. ఇరాన్ తన చమురునూ ఆ దారినే పంపుకోవాలి, దాన్ని కొనే పెద్ద ఖాతాదారు చైనా. 1980లలో ఇరాన్, ఇరాక్ యుద్ధంలో నాలుగు వందలకు పైగా ఓడల మీద దాడులు జరిగినా ఆ జలసంధి పూర్తిగా మూతపడలేదు. మూయడం కన్న మూస్తామనడమే లాభసాటి. ఆ పన్నెండు రోజుల్లో ప్రపంచ మార్కెట్లో చమురు ధరకు కొలమానమైన బ్రెంట్ ధర బ్యారెల్‌కు 70 డాలర్ల లోపు నుంచి 80 దాకా లేచి, కాల్పుల విరమణతో మళ్లీ కిందికి దిగింది. గల్ఫ్ నుంచి చైనాకు పెద్ద ట్యాంకర్ల కిరాయి రెట్టింపు దాటింది.

మనకు హోర్ముజ్ అంటే పెట్రోలు కన్న ముందు గ్యాస్ బండ. దేశం వాడే ఎల్‌పీజీలో సుమారు 60 శాతం దిగుమతి, అందులో సింహభాగం గల్ఫ్ దేశాలదే. ఈ ఊరి కొండల కింద రాతిని తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసే వీలు ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. మంగళూరు, పాదూరులతో కలిపి అన్నీ నిండి ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజుల అవసరం తీరుతుందని ప్రభుత్వ లెక్క. కాని ఇదే ఊళ్లో ఎల్‌పీజీకి తొలిచిన గుహ సామర్థ్యం 60 వేల టన్నులు, అది దేశం ఒక్క రోజు వాడకానికి కూడా చాలదు. ప్రతి ఇంటికీ గ్యాస్ పొయ్యి ఇచ్చిన దేశం ఆ పొయ్యికి కావలసిన నిల్వ గురించి అంత శ్రద్ధగా ఆలోచించలేదన్నది నా ఫిర్యాదు.

చట్టం ఏమంటుందని అడుగుతారు. 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం ఇలాంటి జలసంధుల గుండా అన్ని ఓడలకూ ఆటంకం లేని ప్రయాణ హక్కు ఇచ్చింది. దాని మీద ఇరాన్ సంతకం చేసింది కాని ధ్రువీకరించలేదు. ఆ హక్కు కోసం యుద్ధనౌకలు పంపే అమెరికా అసలు సంతకమే చేయలేదు. మలేసియా, ఇండోనేసియాల మధ్య ఉన్న మలక్కా జలసంధి గురించి, పనామా కాలువ గురించి విడిగా మాట్లాడే సమయం లేదు. సింగపూర్ దగ్గర మూడు కిలోమీటర్లు కూడా లేని ఒక మలుపు గురించి చైనా నాయకత్వం 2003 నుంచి బెంగపడుతోందనీ, మయన్మార్ మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు వేసిన చమురు పైపులైను, మలక్కా జలసంధి పడమటి మొగన మనం గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన రేవు ఆ బెంగకు చెరో కొస అనీ మాత్రం చెప్పి ముందుకు పోతాను.

చివరగా ఒక ఓడ మనిషి చెప్పిన మాట. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఇప్పుడు ట్యాంకర్‌లో ఇంజనీరు. నిరుడు అతని ఓడ ఎర్రసముద్రం దాటింది. దాటడానికి నాలుగు రోజుల ముందు కెప్టెన్ అందరినీ మెస్ హాలులో కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికి ఒక కాగితం ఇచ్చాడట. ప్రమాద ప్రాంతంలోకి రావడానికి ఇష్టమా, కాదా అని రాసి సంతకం పెట్టాలి. ఇష్టం లేదంటే దింపి, టికెట్టు కొని ఇంటికి పంపాలి, అది నావికుల హక్కు. ఇష్టమైతే ఆ ప్రాంతంలో ఉన్న రోజులకు మూల వేతనం రెట్టింపు. రెయిలింగు చుట్టూ ముళ్ల తీగ చుట్టి, పాత యూనిఫారాల్లో పీచు కుక్కి కాపలావాళ్లలా బొమ్మలు నిలబెట్టారు. రాత్రి దీపాలు ఆర్పి, ఓడ ఎక్కడుందో చెప్పే సిగ్నల్ కూడా కట్టేశారు. నువ్వేం రాశావని అడిగాను. "మాస్టారూ, నా పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ కుర్రాడు ఏం రాస్తాడో చూసి, అదే రాశాను" అన్నాడు. ఆ కుర్రాడూ ఇతని కాగితం వైపే చూస్తున్నాడట.

వచ్చే నెలలో అతను మళ్లీ ఓడ ఎక్కుతున్నాడు. ఈసారి కంపెనీ గుడ్ హోప్ మీదుగా పంపుతోంది. పన్నెండు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరతాడని వాళ్లమ్మగారు క్యాలెండర్‌లో అప్పుడే గీత గీసుకున్నారు.